సెకండ్ హ్యాండ్ జిప్సీ కొన్నా, స్టీరింగ్ ఊగిపోయింది: అసలు రోగం ఎక్కడ దొరికిందంటే

ముందే చెప్తున్నా, ఈరోజు బయట తీస్తున్నా కాబట్టి గాలి శబ్దం వస్తుంది, ఏమనుకోవద్దండి. ఉరవకొండలో గాలి శబ్దం లేకుండా వీడియో తీయాలంటే బాత్రూంలో కూర్చుని తీయాల. వెనకాల కనపడుతున్నాయి కదా గాలిమరలు, ఇక్కడి నుంచి వజ్రకరూరు దాకా అవే. వాటిని ఊరికే పెట్టలేదు మా ఊర్లో.

సరే, విషయానికి వద్దాం. పోయిన వీడియో కింద చాలామంది అడిగినారు, "అన్నా, ఆ జిప్సీ ఎంతకు కొన్నావ్, నేను కూడా ఒకటి చూస్తున్నా, కొనొచ్చా?" అని. ఇద్దరు ముగ్గురైతే "వజ్రాల వేటకా అన్నా?" అని కూడా అడిగినారు. తొలకరి పడితే మా పక్క పొలాల్లో వజ్రాలు వెతికేటోళ్ళు వస్తారు, నిజమే. కానీ నేను కొన్నింది దానికి కాదు. ఎందుకు కొన్నానో, కొన్నాక ఏం జరిగిందో మొత్తం చెప్తా. ఇందులో నేను తెలివిగా చేసిన పనులు తక్కువ. అందుకే మీకు పనికొస్తుంది అనుకుంటున్నా.

నేను బీటెక్, సీఎస్ఈ. బెంగళూరులో నాలుగున్నరేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి వదిలేసి వచ్చినా. మా నాయనకు పొలం ఊరికి దూరంగా ఉంది, నల్లరేగడి నేల. మా జిల్లాలో ఏడాది మొత్తం పడేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. కానీ ఆ పడేది పడినరోజు నల్లరేగడిలో బైకు తీసుకుపోతే, బైకును మనం మోసుకుని రావాల. టైరుకు, మడ్‌గార్డుకు మధ్యలో మట్టి సిమెంటు మాదిరి పట్టేస్తుంది. అందుకని ఫోర్ బై ఫోర్ కావాలి అనుకున్నా. అది ఒక కారణం. రెండో కారణం, నిజం చెప్పాలంటే, కాలేజీ రోజుల నుంచి జిప్సీ అంటే పిచ్చి. రెండో కారణమే పెద్దది, నాయనకు చెప్పింది మాత్రం మొదటిది.

కొత్త థార్ కొనే స్తోమత లేదు. ఉద్యోగం మానేసినాక వచ్చిన పీఎఫ్ డబ్బులు, కొంచెం సేవింగ్స్, అంతే నా దగ్గర ఉండేది. ఇంట్లో ఎవురూ "కొనద్దు" అనలేదు. నాయన మాత్రం, "ఆ డబ్బుతో బోరు ఇంకొంచెం లోతుకు దింపొచ్చు" అన్నాడు ఒకసారి. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

జిప్సీ తెలియనోళ్ళకు రెండు ముక్కలు చెప్తా. మన దేశంలో జిప్సీ 1985 డిసెంబర్‌లో వచ్చింది. మొదట్లో 970 సీసీ పెట్రోల్ ఇంజన్. 1996లో 1.3 లీటర్ల ఇంజన్‌తో కింగ్ వచ్చింది, 2000 నుంచి ఎంపీఎఫ్ఐ. ఆర్మీ, పోలీసులు, ర్యాలీ పిల్లోళ్ళు అందరూ వాడినారు. బండి బరువు ఒక టన్ను దగ్గర్లో ఉంటుంది, అంతే. బురదలో బరువైన బండ్లు కూరుకుపోతుంటే ఇది పైపైన పోతుంది. ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఏందంటే, దీనికి ముందు వెనక రెండు పక్కలా ఒకే దుంగ మాదిరి యాక్సిల్, కింద కమాన్ కట్టలు. ఎద్దులబండి ఇరుసు ఎట్లుంటుందో అట్లా. ఈరోజు కథంతా ఆ ముందు ఇరుసు కాడే ఉంది.

నేను కొన్నింది 2010 మోడల్ కింగ్, కర్ణాటక రిజిస్ట్రేషన్, 2023లో 2,35,000 పెట్టి తీసుకున్నా. అమ్మినాయన పేరు, ఊరు చెప్పను. ఫోటోల్లో బండి సినిమా హీరో మాదిరి ఉండింది. ఆలివ్ గ్రీన్ పెయింటు, ముందు పెద్ద బంపరు, పైన లైట్లు, 235 సైజు లావు టైర్లు. పోయి చూసినా. పెయింటు చూసినా, ఇంజన్ సౌండ్ విన్నా, సీట్లు చూసినా, పాటలు కూడా పెట్టి చూసినా! అపార్ట్‌మెంట్ల మధ్య రెండు రౌండ్లు కొట్టినా, 40 దాటలేదు స్పీడు. కిందికి వంగి చూసినా కూడా, ఏం చూడాలో తెలియకుండా. ఒకటి మాత్రం కంట్లో పడింది. ముందు యాక్సిల్ దగ్గర ఒక స్టీరింగ్ డాంపర్, కొత్తది, నిగనిగలాడుతూ. చుట్టూ ఉన్న సామాన్లన్నీ తుప్పు, దుమ్ము, అది ఒక్కటే కొత్తది. నేను ఏమనుకున్నానంటే, "ఆహా, ఓనరు బాగా మెయింటైన్ చేసినాడు" అని. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా దాని దగ్గరికి.

పేపర్ల సంగతి గబగబా చెప్పేస్తా. వేరే స్టేట్ బండి అయితే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ, అంటే ఫారం 28, తప్పనిసరి. ట్రాన్స్‌ఫర్‌కు 29, 30. లోన్ ఉండి తీరిపోయి ఉంటే 35. ఒక స్టేట్ బండిని ఇంకో స్టేట్‌లో 12 నెలలకు మించి పెట్టుకుంటే రీ-రిజిస్ట్రేషన్ చేయించాల, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాల. ఆ ట్యాక్స్ లెక్క వేసుకోకుండా "చీప్‌గా వచ్చింది" అనుకోవద్దు. ఇంకోటి, 15 ఏళ్ళు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్. కారుకు ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 కాదు, 5,000. 2010 మోడళ్ళు, 2011 మోడళ్ళు తక్కువకు దొరుకుతున్నాయంటే సగం కారణం అదే. ఎం-పరివాహన్‌లో నంబరు కొట్టి చూడండి, ఛాసిస్ మీద కొట్టిన నంబరును ఆర్సీతో కలిపి చూడండి. సరే, అయిపోయింది.

బండి తెచ్చిన మొదటి వారమే స్టీరింగ్ కంప్లయింట్ ఒకటి వచ్చింది. మలుపుల్లో బిగుసుకుపోతోంది, చక్రాలు కీచుమని ఈడ్చుకుంటున్నాయి. భయపడిపోయినా. తీరా చూస్తే ఏందంటే, పొలం నుంచి వస్తూ చిన్న లివర్‌ను ఫోర్-హైలోనే వదిలేసి తారురోడ్డు ఎక్కినా. జిప్సీలో ముందు యాక్సిల్‌కు, వెనక యాక్సిల్‌కు మధ్యలో డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాల, వెనకవి తక్కువ. బురదలో అయితే జారి సర్దుకుంటాయి, తారు మీద జారవు కాబట్టి మొత్తం బిగుసుకుంటుంది. అది బండి రోగం కాదు, నా రోగం. టూ-హైలో వేసినా, సరిపోయింది. నవ్వుకున్నా. దాంతో నాకు ధైర్యం కూడా వచ్చేసింది, నాకు బండి తెలిసిపోయింది అని.

ఇప్పుడు అసలు రోజు. మా నాయనకు కంటి ఆపరేషన్ అయింది అనంతపురంలో, శుక్లాలు. వారం తర్వాత చెకప్‌కు రమ్మన్నారు. బస్సులో ఎందుకు, మన బండి ఉంది కదా అని నేనే తీసుకుపోయినా. కుదుపులు పడకుండా చూసుకో అని డాక్టర్ ముందే చెప్పినాడు. అందుకని పోయేటప్పుడు 50లో పోయినా, ఏం కాలేదు. చెకప్ బాగా అయింది. వచ్చేటప్పుడు ఇద్దరం హుషారుగా ఉన్నాం. కూడేరు దాటినాక రోడ్డు ఖాళీగా ఉంది, 65 పోతున్నా. ఒక కల్వర్టు వచ్చింది, రోడ్డుకు కల్వర్టుకు అతుకు దగ్గర చిన్న ఎత్తు, రెండంగుళాలు కూడా ఉండదు.

ముందు కుడి చక్రం దాని మీద పడింది. అంతే. స్టీరింగ్ నా చేతుల్లో నుంచి పీక్కున్నట్టు అటూ ఇటూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఊగడం అంటే కొంచెం వణకడం కాదండి. డ్యాష్‌బోర్డు, అద్దం, నా పళ్ళు, అన్నీ. ముందు చక్రాలు రెండూ ఎవరో పట్టుకుని జాడిస్తున్నట్టు. ఎత్తు దాటిపోయింది, రోడ్డు నున్నగా ఉంది, అయినా ఆగట్లేదు, ఇంకా పెరుగుతోంది. భయంలో బ్రేకు గట్టిగా తొక్కినా, బండి ఎడమకు లాగేసి మట్టిలోకి దిగింది. దేవుడి దయ, అక్కడ గుంత లేదు, జాలి చెట్లు ఉన్నాయి. నిలబడింది. ఇంజన్ ఆగిపోయింది.

నాయన ఒక చేత్తో ముందున్న కమ్మీ పట్టుకున్నాడు, ఇంకో చేత్తో కంటి మీద పెట్టిన నల్లద్దాలు పట్టుకున్నాడు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. మెల్లగా దిగి, రోడ్డు మీదికొచ్చి, "నేను బస్సులో వస్తాలేప్పా, నువ్వు నిదానంగా తీసుకురా" అన్నాడు. బస్సు వచ్చింది, ఎక్కి పోయినాడు. నేను 30లో ఊరికి వచ్చినా. కంటికి ఏమీ కాలేదని తర్వాత చూపించుకున్నాం. కానీ ఆ తర్వాత మూడు నెలలు ఆయన నా బండి ఎక్కలేదు. పొలానికి కూడా పక్కింటోళ్ళ బైకు మీద పోయేవాడు. ఎందుకు ఎక్కవు అని నేను అడగలేదు.

దీన్ని ఆఫ్‌రోడ్ వాళ్ళు డెత్ వాబుల్ అంటారు, ఇంజనీర్లు షిమ్మీ అంటారు. ఎందుకొస్తుందో చెప్తా. సూపర్ మార్కెట్‌లో ట్రాలీ తోసినారు కదా. ఒక్కోసారి ముందు చక్రం ఒకటి టపటపా కొట్టుకుంటూ ఉంటుంది. మెల్లగా తోస్తే కొట్టుకోదు, స్పీడు పెంచితే మొదలవుతుంది, ఇంకా స్పీడ్‌గా తోస్తే ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. అదే కథ. చక్రాన్ని ఒక పక్కకు నెట్టితే మళ్ళీ నేరుగా రావాలని చూస్తుంది, కానీ ఎక్కడో ఒకచోట ఆట ఉంటే, అంటే లూజు ఉంటే, నేరుగా దగ్గర ఆగకుండా అవతలి పక్కకు పోతుంది, మళ్ళీ ఇవతలికి. జిప్సీలో రెండు చక్రాలకూ టై రాడ్‌తో ముడి ఉంది కాబట్టి రెండూ కలిసి ఊగుతాయి. ఆ ఊపుకు కావాల్సిన శక్తి బండి పరుగు నుంచే వస్తూ ఉంటుంది. అందుకే రోడ్డు నున్నగా ఉన్నా ఆగదు, స్పీడు తగ్గితేనే ఆగుతుంది.

మీకు ఎప్పుడైనా ఇట్లా అయితే, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయండి, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని నేరుగా ఉంచండి, దాంతో పోట్లాడుతూ ఎదురు తిప్పొద్దు, బ్రేకు మెల్లగా. నేను చేసింది దీనికి పూర్తిగా ఉల్టా.

ఇప్పుడు రిపేరు కథ. మొదటి షాపుకు పోయినా, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్. బిల్లులో "క్యాంబర్ కరెక్షన్" అని కూడా రాసినారు. తర్వాత తెలిసింది నాకు, ఈ దుంగ యాక్సిల్‌లో మామూలుగా అడ్జస్ట్ చేయగలిగేది టో ఒక్కటే. క్యాంబర్, కాస్టర్ యాక్సిల్‌తోనే వస్తాయి, మిషన్ మీద తిప్పితే మారేవి కావు. డబ్బు కట్టేసినా. ఊపు 65 నుంచి 72కు పోయింది, అంతే. రెండు వారాలకు మళ్ళీ కిందికి వచ్చింది.

రెండో షాపులో, "డాంపర్ వీకయింది" అని ఇంకో కొత్త డాంపర్ వేసినారు. ఉన్నదే కొత్తది కదన్నా అంటే, "అది లోకల్ది" అన్నారు. నెలపాటు బాగుంది. ఆ నెల నేను హీరో. తర్వాత ఒకరోజు విడపనకల్లు వైపు పోతుంటే మళ్ళీ అదే. మూడో షాపులో టై రాడ్, డ్రాగ్ లింక్ ఎండ్లు నాలుగూ మార్చినారు. అవి నిజంగానే కొంచెం అరిగినాయి, అది ఒప్పుకుంటా. అయినా ఊపు పోలేదు. మూడు షాపులకూ కలిపి దగ్గర దగ్గర పది వేలు.

నాకు సిగ్గు అనిపించింది ఎక్కడంటే, నేను నాలుగేళ్ళు చేసిన పనే అది. ప్రొడక్షన్‌లో బగ్ వస్తే, లాగ్ చూడకుండా రీస్టార్ట్ కొట్టి, "ఇప్పుడు వస్తోంది కదా" అని టికెట్ క్లోజ్ చేసేటోళ్ళను చూసి నవ్వేవాణ్ణి. ఇక్కడ నేనూ అదే చేసినా. రీస్టార్ట్‌కు డబ్బులిచ్చి మరీ.

మా ఊర్లోనే ఒక చాచా ఉన్నాడు, పాత జీపులు, ట్రాక్టర్లు చేస్తాడు. షెడ్డుకు బోర్డు కూడా లేదు. ఆయన దగ్గరికి ముందే ఎందుకు పోలేదంటే, గూగుల్ మ్యాప్స్‌లో లేడు కాబట్టి, ఇంకేం చెప్పాల! పోయి మొత్తం చెప్పినా. ఏం మార్చినామో లిస్టు చదివినా. ఆయన విని, చాయ్ తాగి, మొదటి మాట ఏమన్నాడంటే, "డాంపర్ పీకేయ్."

నాకర్థం కాలేదు. ఊగే బండికి డాంపర్ తీసేస్తే ఇంకా ఊగుతుంది కదా. ఆయన అన్నాడు, "జ్వరం వచ్చినోనికి మాత్ర ఇచ్చి జ్వరం ఎంతుందో చూస్తావా?" అంతే, నాకు ఆ అమ్మినాయన బండి కింద నిగనిగలాడిన డాంపర్ గుర్తొచ్చింది. ఆ బండి నేను కొనకముందు నుంచే ఊగుతోంది. అమ్మేముందు డాంపర్ వేసి దాచినారు. బహుశా ఆయనకు కూడా ఎవరో మెకానిక్ అట్లే చెప్పి ఉండొచ్చు, మోసం అని నేను అనలేను. డాంపర్ చేసే పని ఊపును మింగడం. కీళ్ళన్నీ బాగున్న జిప్సీ డాంపర్ లేకపోయినా ఊగిపోకూడదు, ఇది చాచా లెక్క. తర్వాత నేను చదివినదాంట్లో కూడా అదే ఉంది.

తర్వాత పరీక్ష. ఇది మీరు బండి కొనేముందు కూడా చేయొచ్చు, ఖర్చు సున్నా, ఒక తోడు మనిషి కావాల. బండి నేల మీదే, ఇంజన్ ఆఫ్. తోడు మనిషి స్టీరింగ్‌ను అటు కొంచెం, ఇటు కొంచెం, గడియారంలో పదకొండు నుంచి ఒంటిగంట దాకా అనుకోండి, ఆపకుండా తిప్పుతూ ఉండాల. మీరు కింద పడుకుని ఒక్కో కీలు మీద చెయ్యి పెట్టండి. కళ్ళకు కనపడని ఆట చేతికి తెలుస్తుంది, టిక్ టిక్ అని కొడుతుంది. స్టీరింగ్ రాడ్డు తిరుగుతోంది, బాక్స్ కింద ఉన్న పిట్‌మన్ ఆర్మ్ తిరగట్లేదు అంటే బాక్స్‌లో ఆట. ఆర్మ్ తిరుగుతోంది, డ్రాగ్ లింక్ ఆలస్యంగా కదులుతోంది అంటే ఆ బాల్ జాయింట్. బాక్సే ఛాసిస్ మీద కదులుతోందంటే బోల్టులు లూజు, లేదా ఛాసిస్ అక్కడ పగిలింది. ఆ రెండోది కనపడితే బండి వదిలేసి ఇంటికి రండి.

నా బాక్స్‌లో కొంచెం ఆట ఉండింది. పైన ఒక స్క్రూ, లాక్‌నట్ ఉంటాయి. నేను అన్నా, "చాచా, అది బిగించేద్దాం." చాచా కసిరినాడు. బాక్స్ మధ్యలో ఎక్కువ అరుగుతుంది, ఎందుకంటే బండి ఎప్పుడూ నేరుగానే పోతుంది కదా. మధ్యలో ఆట పోయేదాకా బిగిస్తే, మలుపుల్లో అరగని చోట పట్టేస్తుంది. స్టీరింగ్ తిరిగి వెనక్కి రాదు. చాచా పావు తిప్పు కూడా తిప్పలేదు, చాలన్నాడు. "ఊపు దీంతో రాలేదు" అన్నాడు.

ఆ టైంలోనే మా నాయన వచ్చినాడు, మధ్యాహ్నం అన్నానికి రాలేదని వెతుక్కుంటూ. బండి ముందు నిలబడి చూస్తా ఉన్నాడు. ఒంగి, కుడి చక్రం లోపల వైపు వేలు పెట్టి, "ఇదేందిరా, ఇక్కడ తడిగుంది" అన్నాడు. వేలికి నల్లగా, పల్చగా, చారు మాదిరి. "బండి ఇరుసుకు కందెన ఇట్లా కారుతోందంటే లోపల తిన్నట్టే" అన్నాడు. చాచా నన్ను చూసి, "మీ నాయన మెకానిక్కా?" అన్నాడు. కాదు, నలభై ఏళ్ళు ఎద్దులబండి తోలినాడు.

అక్కడ ఏముంటుందంటే, జిప్సీ ముందు చక్రం తిరిగే చోట ఒక గోళం మాదిరి ఉంటుంది, దాన్ని పైనుంచి ఒకటి, కింద నుంచి ఒకటి రెండు కింగ్ పిన్నులు పట్టుకుంటాయి. ఒక్కో పిన్నుకు ఒక చిన్న బేరింగ్. లోపల గట్టి గ్రీజు ఉండాల. యాక్సిల్ లోపలి ఆయిల్ సీల్ పోతే, డిఫరెన్షియల్ నుంచి గేర్ ఆయిల్ వచ్చి ఆ గ్రీజును కడిగేస్తుంది. గ్రీజు చారు అవుతుంది, బయటికి కారుతుంది, వచ్చిన దారిలోనే దుమ్ము, నీళ్ళు లోపలికి పోతాయి. మా పొలం దుమ్ము గురించి చెప్పేదేముంది.

జాకీ వేసి చక్రం లేపినాం, కింద స్టాండ్ కూడా పెట్టినాం. ఒట్టి జాకీ మీద బండి కిందికి దూరొద్దండి, ఎవురు చెప్పినా సరే. చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ఊపినాడు చాచా. టక్ టక్ అంది. ఆట ఉంది, కానీ అది వీల్ బేరింగ్‌దా, కింగ్ పిన్‌దా? రెండూ అట్లే అనిపిస్తాయి. దానికి ఒక చిట్కా ఉంది. ఒక మనిషి లోపల కూర్చుని బ్రేకు గట్టిగా తొక్కి పట్టాల. బ్రేకు తొక్కితే చక్రం, నకిల్ రెండూ ఒకటైపోతాయి, వీల్ బేరింగ్ ఆట కనపడదు. అప్పుడు కూడా టక్ టక్ అంటే, అది కింగ్ పిన్.

చాచా చుట్టూ చూసినాడు. షెడ్డు పిల్లోడు పానాలు తేవడానికి పోయినాడు. నేను చక్రం దగ్గర టార్చ్ పట్టుకున్నా. "మీరు ఎక్కండి" అన్నాడు మా నాయనను. నాయన ఒక్క నిమిషం నన్ను చూసినాడు. చెప్పులు విడిచి, జాకీ మీద ఉన్న బండిలో, డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. డ్రైవింగ్ రాదు ఆయనకు. "ఏది తొక్కాల?" "మధ్యలోది." తొక్కినాడు. చాచా ఊపినాడు.

టక్ టక్.

విప్పినాం. కుడిపక్క కింద బేరింగ్ కప్పులో రోలర్లు ఆనిన చోటల్లా గుంటలు పడినాయి, వేలు పెట్టి తిప్పితే మెట్లు మెట్లుగా తగులుతోంది. ఆ మెట్లు స్క్రీన్ మీద చూడండి, క్లోజప్ పెడుతున్నా. పైన పిన్ను కింద ఉండే షిమ్ములు, అంటే పల్చటి రేకు వాషర్లు, ఒక పక్క మూడు, ఒక పక్క ఒకటి. ఎవరో ముందు విప్పి, లెక్క లేకుండా పెట్టినారు. పిల్లోడి కాలికి నాయన చెప్పు తొడిగినట్టు, పిన్ను లోపల ఆడుతోంది. ఆ చిన్న ఆట, చక్రం చివర దగ్గరికి వచ్చేసరికి పెద్దదవుతుంది, 65లో ఎత్తు మీద పడితే కూడేరు కల్వర్టు అవుతుంది.

సామాన్లు బెంగళూరు జేసీ రోడ్డు నుంచి ఫ్రెండ్‌తో తెప్పించినా, బస్సు పార్సిల్. రెండు పక్కలా కింగ్ పిన్ బేరింగ్లు, నకిల్ సీల్స్, యాక్సిల్ ఆయిల్ సీల్స్, ఎట్లాగూ విప్పినాం కదా అని వీల్ బేరింగ్లు. గ్రీజు, కూలీ అంతా కలిపి 11,500 అయింది.

బిగించేటప్పుడు నాకు బాగా నచ్చిన పని ఒకటి. టై రాడ్ ఊడదీసి, నకిల్‌ను విడిగా ఉంచి, దాని చివర ఒక స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగినాడు చాచా, చింతపండు తూకం వేస్తారు చూడండి, ఆ కొక్కెం త్రాసు. నకిల్ కదలడానికి ఎంత బలం పడుతుందో చూడడానికి. మరీ సులువుగా తిరిగితే లూజు, షిమ్ము తీయాల. మరీ గట్టిగా ఉంటే షిమ్ము కలపాల, లేకపోతే బేరింగ్ కాలిపోతుంది. సర్వీస్ మాన్యువల్‌లో కూడా పద్ధతి ఇదే. నేను ఫోన్‌లో మాన్యువల్ పీడీఎఫ్ తెరిచి చూపిస్తే, చాచా "నేను రాసింది కాదు కదా, మరి నా మాదిరే ఎట్లా రాసినారు?" అన్నాడు.

టో మాత్రం టేపుతోనే చూసుకున్నాం. టైరు మధ్యలో సుద్దముక్కతో గీత, ముందు వైపు కొలత, చక్రం సగం తిప్పి అదే గీతను వెనక వైపు కొలత. ముందు కొన్ని మిల్లీమీటర్లు తక్కువ రావాల. లావు టైర్లు అమ్మేసి, కంపెనీ సైజు 205/70 ఆర్15 వేసినా. లావు టైరుకు బరువు ఎక్కువ, ఏ చిన్న ఆట ఉన్నా దాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. పొడుగు షాకిల్స్ వేసి ముందు ఎత్తు పెంచిన బండ్లు కూడా చూసినా, అందులో కాస్టర్ తగ్గిపోయి బండి నేరుగా పోదు, తాగినోడి మాదిరి నడుస్తుంది. చట్టం సంగతి వేరే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ను మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఎఫ్‌సీకి పోయినప్పుడు తెలుస్తుంది ఆ నొప్పి.

థార్ చూస్తున్నవాళ్ళు అడుగుతారు, మాకు కూడా ఇదేనా అని. 2010లో వచ్చిన పాత థార్‌లో సీఆర్‌డీఈ అయితే ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, టార్షన్ బార్లు. దాంట్లో ఈ దుంగ యాక్సిల్ లేదు కాబట్టి బాల్ జాయింట్లు, ఆర్మ్ బుష్‌లు చూడాల. అదే టైంలో వచ్చిన డీఐ, ఇంకా పాత జీపులు కమాన్ కట్టల మీద ఉంటాయి, వాటికి ఈ వీడియోలో చెప్పింది చాలావరకు పనికొస్తుంది, కమాన్ కట్టల బుష్‌లు కూడా కలుపుకుని. ఏదైనా సరే, హైవే మీద 70 దాకా తోలనివ్వనంటే ఆ బండి కొనొద్దు. అపార్ట్‌మెంట్ల మధ్య రౌండ్లు నేను ఇప్పటికే కొట్టినా, మీకోసం. ఆయిల్ కారితే వేలు పెట్టి చూడండి. తుప్పు బండిలో ఒక్క సామాను కొత్తగా మెరుస్తుంటే, దాన్ని ఎందుకు మార్చినారని అడగండి, బిల్లు అడగండి.

టెస్టుకు నేనొక్కణ్ణే పోయినా. పొద్దున్నే, డాంపర్ లేకుండా, అదే కల్వర్టు. 40, 50, 60. చేతులు చెమటలు. 65లో అదే ఎత్తు మీద కుడి చక్రాన్ని కావాలనే పోనిచ్చినా. ఒక్క కుదుపు, అయిపోయింది. వెనక్కి తిప్పుకుని వచ్చి మళ్ళీ 70లో. మొత్తం ఏడుసార్లు తిరిగినా, అక్కడ మేకలు కాసుకునే పెద్దాయన నన్ను పిచ్చోడనుకుని ఉంటాడు. తర్వాత షెడ్డుకు పోయి డాంపర్ బిగించుకున్నా. అవును, చివరికి బిగించినా. రోగం లేనప్పుడు ఉంటే మంచిదే అది.

ఇంటికొచ్చి నాయనకు చెప్పినా, అయిపోయింది, బాగుంది అని. "ఊ" అన్నాడు. మరుసటి శనివారం పెన్నహోబిలం పోవాలన్నాడు, నరసింహస్వామి గుడికి. బస్సు టైం అడుగుతాడేమో అనుకున్నా. చెప్పులు వేసుకుని వచ్చి బండి పక్కన నిలబడినాడు. ముందుగా ఒంగి, కుడి చక్రం లోపల వేలు పెట్టి చూసినాడు. పొడిగా ఉంది. వేలు పంచెకు తుడుచుకుని, ఎక్కి కూర్చున్నాడు.

ఇప్పటికి ఏడాది దాటింది. అనంతపురం పోయినప్పుడల్లా మేమిద్దరం ఈ బండిలోనే పోతాం. కూడేరు దగ్గర ఆ కల్వర్టు వచ్చేముందు మాత్రం మాట్లాడుతున్నవాడు ఆపేసి, ముందున్న కమ్మీ పట్టుకుంటాడు. దాటినాక వదిలేసి, మాట ఎక్కడ ఆపినాడో అక్కడి నుంచి మొదలుపెడతాడు. నేను కూడా అక్కడ 50కి తగ్గిస్తా.

వచ్చే వీడియోలో ఆ చిన్న లివర్ గురించి, ఫోర్-లో ఎప్పుడు వేయాల, నల్లరేగడిలో ఎప్పుడు వేయకూడదు అని చూద్దాం. చాచాను కూడా కెమెరా ముందుకు తేవాలని చూస్తున్నా, ఇంకా ఒప్పుకోలేదు.